‘ఫ్రాంక్లీ స్పీకింగ్’ అనకుండా నిజం చెప్పలేమా?

మొన్నామధ్య మా కాలేజీ నుంచి ఫోనొచ్చింది. ఫైనలియర్ పిల్లలకు మాక్ ఇంటర్వ్యూలు చేయాలి, ఒక రోజు రాగలవా అని. వెళ్లాను. ఒకప్పుడు నేను లాజిక్ గేట్లు కనెక్ట్ చేయలేక చెమటలు కక్కిన అదే ల్యాబ్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని ఒకరి తర్వాత ఒకరితో మాట్లాడాను. ఓ పదిమంది అయ్యాక ఒక సంగతి గమనించి నోట్‌బుక్ మూలన గీతలు పెట్టడం మొదలెట్టా. ‘ఫ్రాంక్లీ స్పీకింగ్’ అన్నప్పుడల్లా ఒక గీత, ‘టు బి ఆనెస్ట్’ అన్నప్పుడల్లా ఒక గీత. భోజనం టైముకే గీతలు సగం పేజీ దాటేసరికి లెక్కపెట్టడం మానేశా.

వాళ్లలో ఒకమ్మాయి బాగా గుర్తుండిపోయింది. ప్రాజెక్ట్ గురించి చెప్పమంటే, ‘టు బి ఆనెస్ట్ సర్, ఇట్ ఈజ్ ఎ వెరీ గుడ్ ప్రాజెక్ట్’ అంది. అంతకుముందు ఐదు నిమిషాలు తన గురించి, ఇంట్లోవాళ్ల గురించి, హాబీల గురించి చక్కగా చెప్పింది. నాకు నవ్వొచ్చినా ఆపుకొని అడిగా: ‘మరి ఇందాకటి నుంచి చెప్పినవన్నీ ఏంటమ్మా?’ పాపం బిక్కమొహం వేసింది. నేనేదో తప్పు పట్టుకున్నానని భయపడింది గానీ ఆ తప్పేంటో తనకు అర్థం కాలేదు.

తప్పు తనది కాదు కూడా. తెలుగులో మనం ‘నిజం చెప్పాలంటే’, ‘ఉన్నమాట చెప్పాలంటే’ అని మాట మధ్యలో ఊరికే వాడేస్తాం. ఊపిరి తీసుకోవడానికో, తర్వాతి మాట వెతుక్కోవడానికో. వినేవాళ్లూ దాన్ని పట్టించుకోరు. ఆ అలవాటే ఇంగ్లిష్‌లోకి దిగేసరికి ‘టు బి ఆనెస్ట్’ అవుతుంది. ఇంగ్లిష్ బాగా వాడేవాళ్లకు మాత్రం అది హెచ్చరికలా వినిపిస్తుంది. ‘ఇప్పుడు చెప్పబోయేది నీకు నచ్చకపోవచ్చు’ అనో, ‘ఇది ఒప్పుకోవడానికి నాకే ఇబ్బందిగా ఉంది’ అనో. ‘టు బి ఆనెస్ట్, ఐ డిడ్ నాట్ ఎంజాయ్ దట్ మూవీ’ అంటే అతికినట్టుంటుంది. ‘టు బి ఆనెస్ట్, మై ప్రాజెక్ట్ ఈజ్ వెరీ గుడ్’ అంటే మాత్రం అవతలివాడు ఒక్క క్షణం తల పైకెత్తుతాడు. ఏదో ఒప్పుకోబోతున్నాడనుకుంటే పొగుడుకుంటున్నాడేంటి అని. అదే మాట ప్రతి జవాబుకీ ముందు వస్తే అనుమానం ఇంకో వైపు తిరుగుతుంది. ఈ మాట లేని వాక్యాల్లో నిజమెంత అని.

ఇదంతా గ్రామర్ చాదస్తం అనుకోకండి. ఉద్యోగం వెతుక్కునేవాళ్లు రోజూ వాడే మాటల్లో నిజాయితీకి సంబంధించినవే బోలెడున్నాయి. ఆనెస్ట్, సిన్సియర్, ఫ్రాంక్, స్ట్రెయిట్‌ఫార్వర్డ్, జెన్యూన్, ట్రాన్స్‌పరెంట్. అన్నీ ఒకటేలే అని రెజ్యూమెలో వరుసగా పేర్చేస్తాం. అవి ఒకటి కాదు. ఏ మాట ఎక్కడ పడాలో తెలియక మంచి పిల్లలు కూడా తేడాగా వినిపించడం ఆ రోజు కళ్లారా చూశా.

‘ఫ్రాంక్’ సంగతి తీసుకోండి. ఇది మొదట ఒక జాతి పేరు. ఐదో శతాబ్దం నుంచి ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని గెలుచుకుంటూ వచ్చి ఏలిన జర్మానిక్ తెగ ఫ్రాంకులు. ఫ్రాన్స్ అన్న పేరు కూడా వాళ్ల వల్ల వచ్చిందే. వాళ్లు ఏలిన నేల మీద పూర్తి స్వేచ్ఛ వాళ్లకే ఉండేది కాబట్టి ‘ఫ్రాంక్’ అంటే ‘స్వేచ్ఛ ఉన్నవాడు’ అనే అర్థం వచ్చింది. మనసులో మాట దాచుకోకుండా చెప్పేవాడు అనే అర్థం చాలా తర్వాత చేరింది. స్టాంపు అంటించే పని లేకుండా ముద్ర కొట్టే ఫ్రాంకింగ్ మెషిన్‌లో ఉన్నదీ, ఐపీఎల్ ఫ్రాంచైజీలో ఉన్నదీ ఆ పాత మాటే. అంటే ఫ్రాంక్‌గా ఉండాలంటే ముందు ఆ స్వేచ్ఛ ఉండాలి. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తా.

ఇప్పటి వాడుకలో ‘ఫ్రాంక్’ అభిప్రాయాలకు సంబంధించింది. ‘కెన్ ఐ బి ఫ్రాంక్?’ అంటే ‘నా అభిప్రాయం నీకు రుచించకపోవచ్చు, అయినా చెప్పనా?’ అని అనుమతి అడగడం. రెండు దేశాల మధ్య చర్చలు ‘ఫ్రాంక్’గా జరిగాయని పత్రికా ప్రకటనలో ఉంటే, ఇద్దరూ ఒప్పుకోలేదన్నమాట అని విలేకరులు ఇట్టే పసిగడతారు. మరి ‘ఫ్రాంక్లీ స్పీకింగ్ సర్, ఐ యామ్ ఫ్రమ్ ఖమ్మం’ అంటే ఏమవుతుంది? ఖమ్మం వాళ్లమైనందుకు ఏదో ఇబ్బంది పడుతున్నట్టవుతుంది.

‘క్యాండిడ్’ మనకు పెళ్లిళ్ల పుణ్యమా అని బాగానే తెలుసు. పెళ్లికూతురు కెమెరా ఉందన్న ధ్యాస లేకుండా చెల్లెలితో ఏదో చెప్పి నవ్వుతుంటే తీసిన ఫొటో క్యాండిడ్. ఈ మధ్య ఫొటోగ్రాఫర్లే ‘అమ్మా, కొంచెం క్యాండిడ్‌గా అటు చూసి నవ్వండి’ అని చెప్పి మరీ తీస్తున్నారు, అది వేరే సంగతి. ఈ మాటకు మూలం లాటిన్‌లో ‘తెల్లని’ అనే అర్థమిచ్చే పదం. పాత రోమ్‌లో పదవికి పోటీపడేవాళ్లు సుద్దపొడితో తెల్లగా మెరిపించిన టోగా వేసుకుని జనం మధ్య తిరిగేవాళ్లు. అందుకే వాళ్లను తెల్లబట్టలవాళ్లు అన్నారు. ‘క్యాండిడేట్’ అనే మాట అక్కడి నుంచే వచ్చింది. మీ హాల్‌టికెట్ మీద ‘సిగ్నేచర్ ఆఫ్ ద క్యాండిడేట్’ అని ఉంటుంది చూడండి, అదే. ప్లేస్‌మెంట్ రోజున ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని క్యూలో నిలబడేటప్పుడు ఓసారి గుర్తుచేసుకోండి, రెండువేల ఏళ్ల కిందటి డ్రెస్‌కోడ్ అది. ఆ టోగాల కింద ఉన్నవాళ్లంతా సత్యవంతులని మాత్రం చరిత్ర చెప్పదు.

క్యాండిడ్‌గా మాట్లాడటమంటే ఫొటోలో లాగే పోజు పెట్టకపోవడం. ఎక్కువగా మన గురించి మనం చెప్పుకునేటప్పుడు పనికొచ్చే మాట. సెకండియర్‌లో రెండు బ్యాక్‌లాగ్స్ ఎందుకున్నాయి అని అడిగితే, ‘నాన్నకు ఒంట్లో బాలేదు సర్’ అని లేని జబ్బు అంటగట్టకుండా, ‘ఆ సెమిస్టర్ సీరియస్‌గా చదవలేదు, తర్వాత రెండూ ఒకేసారి క్లియర్ చేశాను’ అంటే అది క్యాండిడ్ జవాబు. దీనికి ముందు ‘టు బి క్యాండిడ్’ అని బోర్డు పెట్టక్కర్లేదు.

‘బ్లంట్’ దగ్గర తెలుగువాళ్లం ఎక్కువగా బోల్తా పడతాం. కత్తి మొద్దుబారితే బ్లంట్. పెన్సిల్ మొన అరిగిపోతే బ్లంట్. తమాషా ఏంటంటే, మొహమాటం లేకుండా గుచ్చుకునేలా మాట్లాడితే మనం ‘మాటకు పదునెక్కువ’ అంటాం. ఇంగ్లిష్‌వాళ్లు అలాంటి మాటకు అసలు పదునే లేదంటారు. నైపుణ్యం లేకుండా మొద్దు కత్తితో కోసినట్టు అని. మనకు ‘ముక్కుసూటి మనిషి’ అంటే కొంచెం భయం ఉన్నా మెచ్చుకోలే. ‘కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు’ అంటే శభాష్ అన్నట్టే. ఆ గౌరవాన్నే ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్లి ‘ఐ యామ్ ఎ వెరీ స్ట్రెయిట్‌ఫార్వర్డ్ పర్సన్ సర్, ఐ టెల్ ఆన్ ద ఫేస్’ అంటాం. ‘ముఖం మీదే చెప్పేస్తా’ని అక్షరాలా దించిన వాక్యం అది. ఇంగ్లిష్‌లో ‘టు సమ్‌వన్స్ ఫేస్’ అనాలి, సరే. అసలు చిక్కు గ్రామర్‌లో లేదు. ఆ వాక్యం వినగానే ఎదుటివాడి బుర్రలో మెదిలేది ఒక్కటే: ‘వీడు టీమ్‌లో గొడవలు పెట్టుకుంటాడు.’ మీరు మీ బలం చెప్పాననుకుంటారు, ఆయన మీ బలహీనత రాసుకుంటాడు. ‘ఔట్‌స్పోకెన్’ కూడా ఆ కోవలోదే. ఎవరైనా మన గురించి అంటే బాగుండొచ్చు, మనమే చెప్పుకుంటే నప్పదు.

ఇక ‘సిన్సియర్’. మన దగ్గర దీని అర్థమే మారిపోయింది. ‘మావాడు సిన్సియర్‌గా చదువుతాడండీ’ అంటే బుద్ధిగా, కష్టపడి చదువుతాడని. ‘సిన్సియర్ ఎంప్లాయీ’ అంటే టైముకొచ్చి, చెప్పిన పని చేసుకుపోయేవాడని. మన దేశంలో ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఇది మామూలే, అర్థమవుతుంది. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్న క్లయింట్‌కు మాత్రం ‘సిన్సియర్’ అంటే పైకి చెప్పేదీ లోపల అనుకునేదీ ఒకటే ఉన్నవాడు. సిన్సియర్ అపాలజీ, సిన్సియర్ థ్యాంక్స్ అంటారు చూడండి, అలా. కష్టపడే గుణం చెప్పాలంటే అక్కడ ‘హార్డ్‌వర్కింగ్’, ‘డిలిజెంట్’ అంటారు. ఎమ్మెస్‌కు అప్లై చేస్తూ స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో ‘ఐ యామ్ ఎ సిన్సియర్ స్టూడెంట్’ అని రాసేవాళ్లు ఓసారి ఆలోచించండి. ఈ మాట ‘మైనం లేని’ అనే లాటిన్ మాటల నుంచి వచ్చిందనీ, పగుళ్లను మైనంతో కప్పని శిల్పానికి అలా పేరొచ్చిందనీ సోషల్ మీడియాలో ఒక కథ తిరుగుతుంటుంది. కథ బాగుంటుంది గానీ భాషా చరిత్ర రాసేవాళ్లు దాన్ని ఒప్పుకోరు. అసలు మాటకు అర్థం ‘కల్తీ లేని, శుభ్రమైన’ అని మాత్రమే.

మిగతావి త్వరగా చెప్పేస్తా. ‘ఆనెస్ట్’లో హెచ్ పలకదు కాబట్టి ‘యాన్ ఆనెస్ట్ పర్సన్’ అనాలి. ‘ఎ హానెస్ట్ పర్సన్’ అని రాసిన రెజ్యూమెలు ఆ ఒక్కరోజే నాకు చాలా తగిలాయి. ‘అప్‌ఫ్రంట్’ అంటే అడగకముందే చెప్పడం. ‘కమ్ క్లీన్’ అంటే దాచిన తప్పు ఒప్పుకోవడం, దాన్ని మామూలు నిజానికి వాడితే లేని తప్పు మెడకు చుట్టుకుంటుంది. ‘ఇంటెగ్రిటీ’ మన ఇంజినీరింగ్ వాళ్లకు చుట్టమే. సీ ప్రోగ్రాములో ‘ఇంట్’ అని రాస్తాం కదా, ఆ ఇంటిజర్, ఈ ఇంటెగ్రిటీ ఒకే మూలం నుంచి వచ్చాయి. ముక్కలు కానిది, పూర్తిగా ఉన్నది అని. ‘జెన్యూన్’ గురించి ఎక్కువ చెప్పను. హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లున్న వీధిలో ‘జెన్యూన్ ఎక్స్‌పీరియన్స్ లెటర్స్ ఇప్పిస్తాం’ అనేవాళ్లు మీకూ తగిలే ఉంటారు. ఒక మాట ఎంత దూరం ప్రయాణించి ఎక్కడ తేలిందో!

ఇంతకీ ఈ మాటల మీద నాకింత పట్టింపు ఎందుకంటే, ఒకసారి వీటి వల్లే గట్టి దెబ్బ తిన్నా.

ఫైనలియర్‌లో మేం నలుగురం కలిసి ఒక ప్రాజెక్ట్ కొన్నాం. చేశాం అనలేదు, కొన్నాం. కోడ్, రిపోర్ట్, పీపీటీ అన్నీ పెన్‌డ్రైవ్‌లో పెట్టిచ్చారు. ఎలా ఎక్స్‌ప్లెయిన్ చేయాలో ఒక పూట క్లాస్ కూడా చెప్పారు. ఎక్స్‌టర్నల్ దగ్గర గట్టెక్కాం. ఆ తర్వాత అదే ప్రాజెక్ట్ నా రెజ్యూమెలో మొదటి పేజీ ఎక్కింది. కింద స్ట్రెంగ్త్స్ దగ్గర ‘ఆనెస్ట్, సిన్సియర్, స్ట్రెయిట్‌ఫార్వర్డ్’. ఎవరి రెజ్యూమె నుంచో దించుకున్నదే, అది కూడా నాది కాదు.

మొదటి ఆఫ్‌క్యాంపస్ ఇంటర్వ్యూలో ఒకాయన ఆ ‘ఆనెస్ట్’ అనే మాట కింద పెన్నుతో గీత గీశాడు. తర్వాత ప్రాజెక్ట్ దగ్గరికొచ్చి, ‘ఇందులో నువ్వు నీ చేత్తో రాసిన భాగం ఏది?’ అని అడిగాడు. ‘వుయ్ ఆల్ వర్క్డ్ యాజ్ ఎ టీమ్ సర్’ అన్నా. ‘ఓకే, నువ్వేం రాశావ్?’ అన్నాడు మళ్లీ. ‘టు బి ఆనెస్ట్ సర్...’ అని మొదలుపెట్టి, లాగిన్ మాడ్యూల్ నేనే రాశానన్నా. అదీ అబద్ధమే. ఆయన లాగిన్ గురించి రెండు ప్రశ్నలు అడిగి, కాగితం తిరగేసి టేబుల్ మీద పెట్టి, థ్యాంక్యూ అన్నాడు. తిట్టలేదు, వెటకారం చేయలేదు. బస్‌లో ఇంటికొస్తుంటే రిజెక్ట్ అయ్యానన్న బాధ కన్నా, అబద్ధానికి ముందు ‘టు బి ఆనెస్ట్’ అన్నానే అన్నది ఎక్కువ సిగ్గుగా అనిపించింది.

ఆ తర్వాత రెండు నెలలు కూర్చుని ఆ ప్రాజెక్ట్‌లో నాకు అర్థమైన చిన్న ముక్కను నా అంతట నేను మళ్లీ రాశా. అందంగా లేదు, కానీ నాది. రెండో ఇంటర్వ్యూలో అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేశా. కాలేజీలో కొన్నదే, తర్వాత ఈ భాగం వరకు సొంతంగా రాశాను, ఇక్కడ ఇంకా పనిచేయట్లేదు అని. ఇక్కడ ఉద్యోగం వచ్చేసిందని చెప్తే కథ బాగుండేది. రాలేదు. నలభై నిమిషాలు మాట్లాడి పంపేశారు. నాలుగో చోట వచ్చింది. కాబట్టి ‘నిజం చెప్పండి, ఉద్యోగం అదే వస్తుంది’ అనే మాట నేను మీకు చెప్పను. అలా చెప్పేవాళ్లను నమ్మొద్దు కూడా.

మీరు అడగబోయేది నాకు తెలుసు. ‘అన్నా, ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టినవాడికి జాబొచ్చింది, నిజం చెప్పి నేను ఇంట్లో కూర్చున్నా. దీనికేమంటావ్?’ ఇది నిజంగా కడుపుమండే విషయమే, తేలిగ్గా కొట్టిపారేయలేను. నా బ్యాచ్‌మేట్ ఒకడు రెండేళ్ల ఫేక్ పెట్టి నాకన్నా ముందు, నాకన్నా ఎక్కువ జీతంతో చేరాడు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అప్పట్లో వాడి జోలికి రాలేదు. పట్టుబడ్డాడా అంటే ఇప్పటికీ పట్టుబడలేదు. కానీ చేరిన నెలకే అర్ధరాత్రి నాకు ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. గిట్‌లో బ్రాంచ్ ఎలా మెర్జ్ చేయాలి, ఈ ఎర్రర్ ఏంటి అని. పక్క సీట్లో సీనియర్ ఉన్నాడు కదరా, ఆయన్ని అడగొచ్చుగా అంటే, ‘రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉన్నోడు ఇది అడుగుతాడా?’ అన్నాడు. వాడు పోగొట్టుకున్నది అదీ. ఫ్రెషర్‌కు మొదటి ఏడాది ఉన్న ఏకైక ఆస్తి ‘నాకు తెలీదు, చెప్పండి’ అని అడగగలగడం. వాడికి ఆ మాట అనే వీలే లేకుండా పోయింది. కంపెనీ మారాలనుకున్న ప్రతిసారీ వెరిఫికేషన్ ఫామ్ చూసి వెనక్కి తగ్గుతున్నాడు. వాడు చెడ్డవాడు కాదు. ఇంట్లో అప్పు ఉంది, చెల్లి పెళ్లి ఉంది. ఆ పరిస్థితిలో నేనుంటే ఏం చేసేవాణ్నో నాకు తెలీదు.

ఇక వాడుక దగ్గరికొద్దాం. ఇంటర్వ్యూలో నిజాయితీ బయటపడేది ఆ పేరున్న మాటల్లో కాదు, క్రియాపదాల్లో. ‘ఐ వర్క్డ్ ఆన్ ఇట్’, ‘ఐ స్టడీడ్ ఇట్’, ‘ఐ హావ్ హర్డ్ ఆఫ్ ఇట్’ అనే మూడు వాక్యాల మధ్య చాలా దూరం ఉంది. మన రెజ్యూమెల్లో జావా, పైథాన్, డాకర్, కుబర్నెటిస్ అన్నీ ఒకే లైన్‌లో, కామాలతో సమానంగా కూర్చుంటాయి. జావాలో రెండేళ్లు ప్రోగ్రాములు రాసి ఉంటారు, కుబర్నెటిస్ గురించి ఒక వీడియో చూసి ఉంటారు. ఆ లైన్‌ను మూడుగా విడగొట్టండి చాలు. తెలియనిది అడిగితే ‘ఐ డోంట్ నో’ అని ఆగిపోతే మొరటుగా ఉంటుందని భయం. అందుకే ఏదో ఒకటి లాగిస్తాం. ‘ఐ హావెంట్ యూజ్డ్ ఇట్. ఫ్రమ్ ద నేమ్, ఐ థింక్ ఇట్ డజ్ దిస్. యామ్ ఐ క్లోజ్?’ అనొచ్చు. తెలియదని చెప్పారు, ఊహిస్తున్నానని చెప్పారు, నేర్చుకోవడానికి సిద్ధమనీ తెలిసిపోయింది. వీటిలో ‘ఆనెస్ట్’ అన్న మాటే లేదు చూడండి.

బలహీనత చెప్పమంటే ‘ఐ యామ్ టూ ఆనెస్ట్’ అనే జవాబు ఒకటి ఉంది. ఎవరు మొదలుపెట్టారో గానీ దాన్ని ఇంక వదిలేయండి. అది బలహీనత ముసుగేసుకున్న పొగడ్త అని అవతలివాళ్లు ఎప్పుడో పట్టేశారు.

ఉద్యోగంలో చేరాక ఇదే సమస్య వేరే రూపంలో వస్తుంది. రోజూ పొద్దున్నే స్టాండప్ మీటింగ్‌లో పని ఎంతవరకు వచ్చిందని అడుగుతారు. మనం ‘ఆల్మోస్ట్ డన్’ అంటాం. నాలుగు రోజులు వరసగా అదే అంటాం. అడిగినవాళ్లకు ‘కాలేదు’ అని చెప్పడం మర్యాద కాదని మనకు చిన్నప్పటి నుంచి అలవాటైంది. ‘ఐ యామ్ స్టక్ సిన్స్ యెస్టర్డే’ అనడం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. సిలికాన్ వ్యాలీలో మేనేజర్‌గా పనిచేసిన కిమ్ స్కాట్ 2017లో ‘రాడికల్ క్యాండర్’ అని ఒక పుస్తకం రాసింది. గూగుల్‌లో తన ప్రెజెంటేషన్ అయ్యాక పై అధికారి షెరిల్ శాండ్‌బర్గ్ పిలిచి, మాట్లాడేటప్పుడు మరీ ఎక్కువగా ‘అమ్, అమ్’ అంటున్నావని చెప్పిందట. ముందు మెల్లగా చెప్పి, స్పీచ్ కోచ్‌ను పెట్టిస్తానంటే ఈవిడ పట్టించుకోలేదు. అప్పుడు, అలా మాట్లాడితే తెలివితక్కువదానిలా అనిపిస్తావని గట్టిగా చెప్పింది. మనిషి మీద ప్రేమ ఉంటూనే సూటిగా చెప్పాలన్నది ఆ పుస్తకం వాదన. వాదన నాకు నచ్చింది. కాకపోతే ఒక చిన్న పేచీ ఉంది. ఆ కథలో సూటిగా చెప్పింది బాస్. కింద ఉన్నవాళ్లు అదే మాట పైవాళ్లకు చెప్పడం అంత తేలిక కాదు.

అందుకే ‘ఫ్రాంక్’ దగ్గరికి మళ్లీ వస్తానన్నది. చెప్పే స్వేచ్ఛ ఉన్నవాడే ఫ్రాంక్‌గా ఉండగలిగితే, టేబుల్‌కు ఇవతల కూర్చున్న ఫ్రెషర్‌కు ఆ స్వేచ్ఛ ఎంత? మనల్ని గంటసేపు నిజం చెప్పమని గుచ్చి గుచ్చి అడిగినవాళ్లు, మన ప్రశ్నలకు మాత్రం ‘కాంపిటీటివ్ శాలరీ’, ‘యాజ్ పర్ కంపెనీ నార్మ్స్’ అంటారు. 2022లో ఆఫర్ లెటర్లు చేతిలో పెట్టుకుని జాయినింగ్ డేట్ కోసం నెలల తరబడి ఎదురుచూసినవాళ్లు మీ సీనియర్లలో ఉండే ఉంటారు. వాళ్లకు వచ్చిన మెయిల్స్‌లో ‘బిజినెస్ రిక్వైర్‌మెంట్స్’ అని ఉండేది తప్ప, ‘ఇప్పుడు ప్రాజెక్టులు లేవు, ఫలానా నెల వరకు పిలవలేం, వేరే చోట చూసుకోండి’ అని ఫ్రాంక్‌గా చెప్పినవి నేను చూడలేదు. ఆ ఒక్క వాక్యం చెప్పి ఉంటే కొంతమంది వేరే ఆఫర్లు వదులుకునేవాళ్లు కాదు. నిజాయితీ క్లాసులు క్యాండిడేట్‌కే ఎందుకు పీకుతారో నాకు అర్థం కాదు.

అయినా మీ చేతిలో ఉన్నంత స్వేచ్ఛ వాడుకోండి. చివర్లో ‘డు యు హావ్ ఎనీ క్వశ్చన్స్?’ అంటారు. అక్కడ ‘నో సర్, థ్యాంక్యూ సర్’ అని లేచి రావద్దు. బాండ్ ఉందా, ఉంటే ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుంటారా? పోయినేడాది తీసుకున్నవాళ్లు ఎన్ని నెలలకు జాయినయ్యారు? చెప్పిన ప్యాకేజీలో నెలనెలా చేతికొచ్చేది ఎంత? ఇవి అడగడం అమర్యాద కాదు. ‘కుడ్ యు టెల్ మీ వెన్ ద లాస్ట్ బ్యాచ్ జాయిన్డ్?’ అని ఒక్క వాక్యంలో, నవ్వుమొహంతో అడగొచ్చు. సూటిగా ఉంటుంది, బ్లంట్‌గా ఉండదు. చాలామంది సమాధానం చెప్తారు కూడా. చెప్పకుండా దాటేస్తే అది కూడా మీకు కావాల్సిన సమాచారమే, ఇంటికెళ్లి ఆలోచించుకోండి.

ఆ మాక్ ఇంటర్వ్యూ అమ్మాయి సంగతి మధ్యలో వదిలేశా. మిగతావాళ్లందరూ అయ్యాక మళ్లీ వచ్చింది. ‘సర్, ఇంకోసారి చెప్తాను, వింటారా?’ అంది. కూర్చోమన్నా. ఈసారి ‘టు బి ఆనెస్ట్’ లేదు. హాస్టల్‌లో నీళ్ల ట్యాంకు నిండితే మెసేజ్ పంపే ప్రాజెక్ట్ అది. సెన్సర్ భాగం తను చేసింది, యాప్ స్నేహితురాలు చేసింది, ట్యాంకులో నురగ వస్తే రీడింగ్ తప్పుగా చూపిస్తోంది, అదింకా సరిచేయలేకపోయాం అని చెప్పింది. నురగ వస్తే ఎందుకు తప్పుతుందని అడిగా. అంతే, పది నిమిషాలు ఆగకుండా చెప్పింది. ఇంగ్లిష్ రెండుచోట్ల తడబడింది, ఒకచోట తెలుగులోకి జారిపోయింది. నేను ఆపలేదు.

లేచి వెళ్తూ తలుపు దగ్గర ఆగి, ‘మీ కంపెనీలో ఫ్రెషర్స్‌ని తీసుకుంటున్నారా సర్?’ అని అడిగింది.

‘ఈ ఏడాది లేదమ్మా’ అన్నా.